గెలుస్తామేమోనని

జొన్నరొట్టె తట్టడానికి పది వేళ్ళూ కావాలని, కుడిచేతి ఉంగరం వేలు వాచిన మరునాడు ఈశ్వరికి తెలిసింది. పిండిముద్దను అరచేత్తో తడుతూ తిప్పుతుంటే ఆ ఒక్క వేలు మాట వినలేదు. అంచు పగిలింది. మళ్ళీ ముద్ద చేసి తట్టింది. మళ్ళీ పగిలింది. పొయ్యి పక్కన కూర్చుని కందిపప్పు ఏరుతున్న అత్త హుసేనమ్మ మూడో రొట్టె దాకా ఏమీ అనలేదు. మూడోది కూడా పగిలాక చేట కింద పెట్టి, "ఆ వేలుకేమైంది?" అని అడిగింది.

"బస్సు తలుపు సందులో పడింది అత్తా."

"మొన్న మోకాలు చెక్కించుకొస్తివి, ఈపొద్దు వేలు వాపించుకొస్తివి. అదేం కంప్యూటరమ్మా నువ్వు నేర్చుకునేది."

హుసేనమ్మ మాటలో కోపం లేదు. ఉంటే ఈశ్వరికి కాస్త ఊపిరాడేది. కోపం వస్తే తిట్టి ఊరుకునే మనిషి ఆమె. ఇలా మెల్లగా, పప్పులో రాయి ఏరినట్టు అడిగిందంటే ఆ మాట అక్కడితో ఆగదు. మధ్యాహ్నం మామ తిక్కయ్యతో అంటుంది, మగ్గం దగ్గర. అది సాయంత్రానికి ఈశ్వరి మొగుడు హరికృష్ణ చెవిన పడుతుంది. ఈశ్వరి నాలుగో ముద్ద తీసుకుని, నొప్పి పుడుతున్నా వేలును మిగతా వాటితో కలిపి గట్టిగా నొక్కింది. ఆ రొట్టె పగల్లేదు.

కంప్యూటర్ క్లాసు లేదు. ఎప్పుడూ లేదు. ఉన్నది ఆదోనిలో తాను చదివే ఆడపిల్లల డిగ్రీ కాలేజీ వెనక సిమెంటు కోర్టు, రెండు ఇనుప స్తంభాలు, ఒక పక్క వల చినిగిన రింగు. రోజూ మూడున్నర నుంచి అయిదు దాకా ఈశ్వరి అక్కడ బాస్కెట్‌బాల్ ఆడుతుంది. ఎమ్మిగనూరులోని అత్తవారింట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆట ఆమెకు కొత్త కాదు. కోడుమూరులో బడి చదువుతున్నప్పటి నుంచీ ఆడింది. ఆదోనిలో హాస్టలు సీటు రావడంతో డిగ్రీకి అక్కడ చేరింది, మొదటి ఏడే కాలేజీ జట్టులో చోటు దొరికింది. రెండో ఏడు పెళ్ళి కుదిరింది. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు గోడ మీద ఫోటో ఒకటి ఉండేది: నిక్కరు, చేతుల్లేని బనీను, జబ్బ కింద బంతి, ఎండకు కళ్ళు చిట్లించి నవ్వుతున్న ఈశ్వరి. హరికృష్ణ దాని ముందు కాసేపు నిలబడ్డాడు. ఏమీ అనలేదు. అన్నది తిక్కయ్య. "ఆటలు గీటలు ఇంక లేవు గదప్పా హనుమన్నా?" అని ఆమె నాన్నను అడిగాడు. నాన్న మగ్గం గుంటలో కూర్చున్నంత సేపే నిటారుగా ఉండే మనిషి. పైకి లేస్తే ఎవరి ముందైనా వంగుతాడు. "లేవు లేవు, అవన్నీ చిన్నతనం" అన్నాడు. వాళ్ళు మెట్లు దిగకముందే అమ్మ సిద్దమ్మ ఫోటోను గోడ మీంచి తీసేసింది. డిగ్రీ పూర్తి చేయిస్తామన్న ఒక్క మాట మాత్రం హరికృష్ణ ఇచ్చాడు. అతను ఎరువుల కొట్లో పనిచేస్తాడు. భార్యకు డిగ్రీ ఉండటం అతనికి బాగానే ఉంటుంది.

అతను కొట్టే మనిషి కాదు. ఈశ్వరి అమ్మకు ఫోను చేసినప్పుడల్లా అమ్మ అదే అంటుంది, "కొట్టడు గదా, ఇంకేమి నీకు" అని. కొట్టడు. పెళ్ళైన మూడో నెలలో బస్టాండులో ఒక క్లాసుమేటు అన్నతో రెండు నిమిషాలు మాట్లాడిందని ఎవరో చెప్పారు. పదకొండు రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. ఆమె వడ్డిస్తే కంచం ముందు కూర్చుని, ముట్టుకోకుండా లేచి చెయ్యి కడుక్కునేవాడు. ఎందుకు తినలేదని హుసేనమ్మ ఈశ్వరిని అడిగేది. ఈశ్వరి ఏమని చెప్పాలి? పన్నెండో రోజున అతను మామూలుగా "నీళ్ళియ్యి" అన్నాడు. ఆ రెండు ముక్కలకే ఆమె స్నానాల గదిలోకి పోయి ఏడ్చింది, అంత ఊరట కలిగినందుకు. తర్వాత తలచుకుంటే భయం వేసింది. అతన్ని చూసి కాదు, అంత చిన్న మాటకు అంతగా కరిగిపోయిన తనను చూసి.

తోడికోడలు శోభ సంగతి వేరు. ఆమె కుట్టు క్లాసుకు పోయి అరగంట ఆలస్యమైందని, ఆమె మొగుడు, ఈ ఇంటి పెద్దకొడుకు, ఆమెను నడిబజారులో జబ్బ పట్టి ఇంటిదాకా లాక్కొచ్చాడట. ఈశ్వరి కాపురానికి రాక ముందు మాట అది. శోభ ఆ తర్వాత కుట్టు మానేసింది. ఇప్పుడు మామకూ మొగుడికీ రెండు మగ్గాలకు కావలసిన దారం కండెలకు చుడుతుంది, పగలంతా, రాట్నం ముందు. ఎవరైనా పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా తలెత్తుతుంది.

ఇవన్నీ తెలిసీ ఈశ్వరి మళ్ళీ కోర్టులోకి ఎందుకు దిగిందంటే, హెప్సిబా మేడం పిలిచింది కాబట్టి.

హెప్సిబా మేడం కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. యాభైకి దగ్గర పడిన మనిషి, జుట్టు కత్తిరించుకుని, మెడలో విజిలుతో, ఎండలో నల్లబడిన మొహంతో ఉంటుంది. ఆగస్టులో ఒకరోజు ఈశ్వరిని వరండాలో ఆపింది. జట్టులో ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి, ఒకమ్మాయిని చదువే మాన్పించారు, ఆరుగురు మిగిలారు, ఒక్క మ్యాచికి వచ్చి నిలబడమని అడిగింది. ఆడకపోయినా ఫరవాలేదు, పేరుంటే చాలంది. ఈశ్వరి కుదరదంది. మేడం మళ్ళీ అడగలేదు. ఆ సాయంత్రం బస్సుకు ఇంకా టైముందని ఈశ్వరి కోర్టు పక్కన కూర్చుంది. బంతి దొర్లుకుంటూ కాళ్ళ దగ్గరికి వచ్చింది. తీసి విసిరింది. అంతే. మరునాడు ఇంట్లో కంప్యూటర్ క్లాసు పుట్టింది.

యూనివర్సిటీ కాలేజీల పోటీలో మొదటి మ్యాచ్ ఆదోనిలోనే. గెలిచారు. రెండోది గెలిచారు. ప్రమీల అనే పొడుగాటి పిల్ల రింగు కింద నిలబడేది. ఈశ్వరి బంతిని ఎక్కడి నుంచి అందించినా అందుకునేది. ఇద్దరికీ మాటలు అక్కర్లేకుండా పోయాయి. ఏళ్ళ తరబడి మొదటి రౌండులోనే ఓడి వచ్చే కాలేజీ అది, ప్రిన్సిపాలుకు కూడా జట్టు ఉందన్న సంగతి గుర్తుండేది కాదు. అలాంటిది వరసగా అయిదు మ్యాచులు గెలిచేసరికి అమ్మాయిలు గోడల మీద కూర్చుని కేకలు వేయడం మొదలుపెట్టారు. ప్రతి గెలుపుకూ ప్రమీల ఎగిరి గంతులేసేది. ఈశ్వరి కూడా నవ్వేది, కానీ ఆ నవ్వు వెనకే లెక్క వేసుకునేది. ఓడిపోయి ఉంటే ఈపాటికి అంతా అయిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. గెలుస్తున్న కొద్దీ ఇంకో ఊరు, ఇంకో అబద్ధం, ఇంకా ఎక్కువ మంది చూసే కళ్ళు. చివరిదాకా గెలిస్తే పేపర్లో ఫోటో వస్తుంది. జిల్లా పేజీలో, పేర్లతో సహా. తిక్కయ్య రోజూ టీకొట్టు దగ్గర పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాడు. మిగతా జట్లు ఓడిపోతామేమోనని భయపడుతుంటే, ఈశ్వరి గెలుస్తామేమోనని భయపడింది.

నవంబరులో క్వార్టర్ ఫైనల్ ఎమ్మిగనూరులో పడింది.

నోటీసు బోర్డు మీద ఆ ఊరు పేరు ఈశ్వరి రెండుసార్లు చదివింది. పొద్దున ఎమ్మిగనూరులో బస్సెక్కి, గంట ప్రయాణం చేసి ఆదోనికి పోయి, అక్కడ జట్టుతో పాటు మళ్ళీ బస్సెక్కి, అత్తవారి ఊరికే పరాయిదానిలా తిరిగొచ్చింది. చున్నీ తలమీదుగా కప్పుకుని కిటికీకి దూరంగా కూర్చుంది. గ్రౌండు రోడ్డు పక్కనే ఉంది, గోడ నడుము ఎత్తే. ఎరువుల కొట్టు అక్కడికి రెండు వీధులు. మాస్కు పెట్టుకుని ఆడతానంటే రిఫరీ ఒప్పుకోలేదు. అలాగే ఆడింది. బంతిని చూడాల్సిన కళ్ళు గోడవైపు పోయేవి. మోటారుసైకిలు ఆగిన ప్రతిసారీ చేతిలో బంతి జారేది. మూడో క్వార్టర్లో గోడకు ఆనుకుని నిలబడిన మనిషిని గుర్తుపట్టింది. యేసేపు. వాళ్ళ వీధి చివర ఉండే ఆటో అతను. ఎవరినో దింపడానికి వచ్చి ఆగి చూస్తున్నాడు.

మ్యాచ్ గెలిచారు. నీళ్ళ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే యేసేపు దగ్గరికి వచ్చాడు. పెద్దాయన, గొంతు తగ్గించి అడిగాడు.

"తిక్కయ్య చిన్నకోడలివి గదమ్మా నువ్వు?"

ఆమె తల ఊపింది.

"నేనేమీ సూళ్ళేదులే తల్లీ. నువ్వు భయపడాకు."

మంచి మనిషి కాబట్టి అన్నాడు. కానీ ఆ రోజు నుంచి భయం ఇంకో రకంగా మారింది. ఇంతవరకూ రహస్యం తనది. ఇప్పుడు ఒక మగమనిషి దయ మీద నిలబడి ఉంది. ఆటో చప్పుడు వీధిలో వినిపిస్తే రాట్నం తిప్పుతున్న చెయ్యి ఆగిపోయేది. యేసేపు నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని. అతను తిక్కయ్యతో టీకొట్టు దగ్గర నిలబడి మాట్లాడుతుండగా ఒకసారి చూసింది. ఆ రోజు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఒకసారి శోభ బట్టలు ఉతుకుతూ, ఈశ్వరి సంచి అడుగున చెమటకు అట్టకట్టిన బనీను బయటికి తీసింది. ఒక్క క్షణం పట్టుకుని చూసింది. ఏమిటని అడగలేదు. ఉతికి, మిద్దె మీద కాకుండా గదిలోనే తన చీర కింద ఆరేసింది. "మోకాలికి పసుపు రాసుకో, సీము పట్టేట్టుంది" అని మాత్రం అంది.

ఫిబ్రవరిలో సెమీఫైనల్, ఫైనల్ రెండూ కర్నూలులో. గురువారం ఒకటి, శనివారం ఒకటి. కంప్యూటర్ పరీక్ష కర్నూలులో పెట్టారని ఈశ్వరి గురువారం సంగతి మాత్రం ఇంట్లో చెప్పింది. శనివారం మాట ఎత్తలేదు. ఓడిపోతే ఆ అవసరమే రాదు.

సెమీఫైనల్లో ఆ ఆలోచనే ఆమెను పట్టుకుంది. ఆఖరి నిమిషంలో చెరి ముప్పై మూడు పాయింట్లు. అవతలి పిల్ల మోచేత్తో పొడిచింది, ఫౌల్ ఇచ్చారు, ఎవరూ అడ్డుపడకుండా రింగులోకి వేసే ఫ్రీ త్రోలు ఈశ్వరికి రెండు వచ్చాయి. గీత మీద ఒక్కతే నిలబడింది. అందరూ ఆగిపోయారు. అంత నిశ్శబ్దంలో ఆమెకు ఒక్కటే అనిపించింది: ఇది పోతే ఇంటికి పోవచ్చు. మామూలుగా ఇంటికి పోయి, కండెలు చుట్టుకుంటూ, ఎవరి అడుగుల చప్పుడుకూ ఉలిక్కిపడకుండా బతకొచ్చు. మొదటి బంతి రింగు అంచుకు తగిలి పోయింది. రెండోది చేతిలోకి తీసుకున్నప్పుడు, ఎంత బలం కావాలో ఆమె చేతికి తెలుసు. దానికన్నా ఒక పిసరు తక్కువ వేసింది. బంతి ముందు అంచుకు తగిలి వెనక్కి ఎగిరింది. ఆరుగురి చేతులు లేచాయి. అందరికన్నా పైన ప్రమీల చెయ్యి ఉంది. అందుకుని, దిగకుండానే మళ్ళీ వేసింది. పడింది. విజిలు.

ప్రమీల వచ్చి మెడకు చుట్టుకుని ఏడుస్తూ నవ్వుతుంటే ఈశ్వరి ఆమె మొహం చూడలేకపోయింది. ఇన్ని నెలలుగా ఇంట్లో ఎన్నో అబద్ధాలు చెప్పింది. ఒక్కటీ ఇంత అసహ్యంగా అనిపించలేదు.

బస్టాండులో హెప్సిబా మేడం మిగతా పిల్లల్ని ఆదోని బస్సెక్కించి, ఎమ్మిగనూరు బస్సు వచ్చేదాకా ఈశ్వరి పక్కన బెంచీ మీద కూర్చుంది. తర్వాత సంచిలోంచి ఉడకబెట్టిన శెనక్కాయలు తీసి సగం ఆమె ఒళ్ళో పోసింది.

"మొదటిది తప్పింది. రెండోది నువ్వు తప్పించినావు" అంది.

ఈశ్వరి తలొంచుకుంది.

"ఇరవై ఆరేండ్లుగా సూస్తాండా నేను. చెయ్యి తెలుస్తాది. నీ ఇంట్లో ఎట్లుంటాదో నాకు తెలీదు, అడగను గూడా. నేను పిలిసినందుకే గదా నువ్వొచ్చింది, ఆ పాపం నాదే. గెలిస్తే ఫోటో వస్తాది, నేను ఆపలేను. నీకేమన్నా అయితే నేనొచ్చి కాపాడతానని గూడా సెప్పలేను. ఎల్లుండి నువ్వు రాకపోతే నేనేమీ అనుకోను ఈశ్వరీ. వస్తే మాత్రం గెలిచేదానికే రా."

మేడం గొంతులో కోపం లేదు. అలసట ఉంది. ఎంతమంది ఆడపిల్లలు ఈ బెంచీల మీద ఆమె పక్కన ఇలా కూర్చున్నారో, ఎంతమంది మరునాటికి రాలేదో. ఈశ్వరి శెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

శుక్రవారం సాయంత్రం హరికృష్ణ కొట్టు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె టీ ఇచ్చింది. పరీక్ష ఎలా రాశావని అడిగాడు. బాగానే రాశానంది. అతను టీ ఊదుకుంటూ, గ్లాసులోకే చూస్తూ, "రేపు ఇంకోటి ఉందంట గదా" అన్నాడు.

ఈశ్వరి శనివారం మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. అన్నదా? అత్తతో ఏమైనా అన్నదా? గుర్తు చేసుకోబోతే ఏదీ గుర్తుకు రాలేదు. ఉందంది. అతను తల ఊపి, గ్లాసు తిరిగిచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆమె వాచిన వేలు వైపు చూశాడు. చూశాడనిపించింది. పోతే ఏమవుతుందోనన్న భయం ఒకటి. పోకపోతే, తెలిసిపోయినందుకే తాను ఆగిపోయానని అతనికి తెలుస్తుందన్న భయం ఇంకొకటి. వీటి మధ్య ఎటూ కదలకుండా ఆమె ఆ సాయంత్రమంతా కండెలు చుట్టింది. దారం రెండుసార్లు తెగింది. తెగిన కొసలు ముడివేస్తుంటే, రేపు ఆ గీత మీద ఇంకెవరైనా నిలబడి ఉండటం కళ్ళముందు కనిపించింది. అది చూడలేకపోయింది. భయాల్లో పెద్దది ఏదో తేల్చుకోవడానికి ఆమెకు అదొక్కటే పనికొచ్చింది.

పోయింది.

ఫైనల్లో భయం ఎక్కడికీ పోలేదు. ఆమెతో పాటే కోర్టంతా పరుగెత్తింది. కానీ ఆ రోజు ఒక సంగతి ఆమెకు అర్థమైంది. అత్తవారింట్లో ఏడాదిన్నరగా, తల తిప్పకుండానే ఎవరు ఎక్కడ ఉన్నారో తెలుసుకోవడం ఆమె నేర్చుకుంది. వెనక గదిలో చెప్పుల చప్పుడు ఎవరిది, మగ్గం ఎందుకు ఆగింది, ఎవరి దగ్గు దగ్గరికి వస్తోంది. ఒళ్ళంతా చెవులుగా బతికింది. ఇప్పుడు కోర్టులో ఆ ఒళ్ళే పనిచేసింది. ప్రమీల ఎడమవైపు కదులుతోందని చూడకుండానే తెలిసేది. వెనక నుంచి వచ్చే చెయ్యి రాకముందే తెలిసేది. బంతి ఆమె చేతిలో నిలవలేదు, వచ్చినదాన్ని వచ్చినట్టే ఖాళీ ఉన్న చోటికి పంపేది. ఎవరికీ ఖాళీ లేనప్పుడు తానే వేసింది. మళ్ళీ ఫ్రీ త్రోలు వచ్చాయి. గీత మీద నిలబడి, ఎంత బలం కావాలో అంతే వేసింది. రెండూ పడ్డాయి. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది.

యూనివర్సిటీ ఛాంపియన్లు అన్నారు. హెప్సిబా మేడం కోర్టు మధ్యలో కూలబడి, విజిలు నోట్లోనే పెట్టుకుని ఏడుస్తుంటే ప్రతి ఏడుపుకూ విజిలు సన్నగా మోగింది. పిల్లలు నవ్వలేక చచ్చారు. ఫోటో తీసేటప్పుడు ఈశ్వరి చివర నిలబడింది. ఉత్తమ క్రీడాకారిణి కప్పు ఆమెకే ఇచ్చారు కాబట్టి ఫోటోగ్రాఫరు చెయ్యి పట్టి మధ్యలోకి లాగాడు. యూనివర్సిటీ జట్టులోకి ఆమెనూ ప్రమీలనూ తీసుకున్నారు. సోమవారం నుంచి పది రోజులు అనంతపురంలో క్యాంపు.

ఎమ్మిగనూరు బస్సులో ఫోను తీసి చూస్తే హరికృష్ణ నుంచి ఒక్క కాల్ వచ్చి ఉంది. మళ్ళీ మళ్ళీ చేసి ఉంటే ఇంత భయం వేసేది కాదు. ఒక్కసారి చేసి ఊరుకున్నాడు. ఆమె తిరిగి చేయలేదు. కిటికీ బయట పత్తి తీసేసిన చేలు ఎర్రగా పోతున్నాయి. అమ్మకు చేద్దామనుకుంది. అమ్మ ఏమంటుందో తెలుసు. ఊరుకుంది.

వీధిలోకి తిరిగేసరికి అయిదున్నరైంది. ఇంటి ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. పదిహేను ఇరవై జతలు. పంచాయితీ పెట్టారనుకుంది. నాన్నను పిలిపించారేమోనని ఆ చెప్పుల్లో నాన్న చెప్పుల కోసం వెతికింది. కనిపించలేదు. లోపల మగ్గాలు రెండూ ఆగి ఉన్నాయి. వెనక్కి తిరిగి పోదామంటే ఎక్కడికి? చెప్పులు విడిచి, కప్పున్న సంచిని గుండెలకు అదుముకుని గడప దాటింది.

చప్పట్లు కొట్టారు.

మొదట ఆమెకు అర్థం కాలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, మగ్గాల వీధి పెద్దలు, వాళ్ళ మధ్యలో తిక్కయ్య, చేతిలో మైసూర్‌పాక్ పళ్ళెం. మధ్యాహ్నమే ఫైనల్ వీడియో వీధి వాట్సాప్ గ్రూపులోకి వచ్చిందట. ఎవరో పెద్దాయన "మన ఎమ్మిగనూరు కోడలు" అని రాశాడట. తిక్కయ్య ఆ మాటను అందరికీ చదివి వినిపిస్తున్నాడు. హుసేనమ్మ వచ్చి ఆమె బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. హరికృష్ణ ముందుకు వచ్చాడు, తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. సంచిలోంచి కప్పు తీసుకుని తన చేత్తో పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఎందుకు సెప్పలేదంటారేమో మీరు. నాకు మొదట్నుంచీ తెలుసు. గెలిచినాకనే సెప్దామని నేనే అన్నా" అన్నాడు, నవ్వుతూ.

ఈశ్వరి అతని మొహం చూసింది. నిజమో కాదో తెలియలేదు. నిజమైతే ఇన్ని నెలలు ఆమె అబద్ధం చెబుతుంటే టీ ఊదుకుంటూ చూస్తూ కూర్చున్నాడు. అబద్ధమైతే అంత నున్నగా, కళ్ళు ఆర్పకుండా చెప్పగలడు. ఏది నిజమైనా ఆమె ఇకమీదట ఆ మనిషి పక్కనే పడుకోవాలి.

పక్క వీధి సుబ్బన్న ఏదో పేపరుకు వార్తలు రాస్తాడు. ఫోటో తీస్తానన్నాడు. హరికృష్ణ ఆమె పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. చూసేవాళ్ళకు ముద్దుగా ఉంటుంది. బొటనవేలు మాత్రం మెడ ఎముక మీద, గుంట పడేలా నొక్కుతోంది. ఆమె కదల్లేదు. సుబ్బన్న అడిగితే హరికృష్ణే అన్నిటికీ జవాబు చెప్పాడు. పొద్దున్నే లేపేది తనేనన్నాడు, గుడ్లు పెట్టమని ఇంట్లో చెప్పేది తనేనన్నాడు. అనంతపురం క్యాంపు సంగతి సుబ్బన్న ఎత్తితే, "లేదులే అన్నా, పోదు. పేరొచ్చింది గదా, సాలు. ఇంక సంసారం సూసుకోవల్ల" అన్నాడు. అందరూ అదీ నిజమేనన్నట్టు తలలూపారు.

ఊరుకుంటే సరిపోతుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఇన్ని నెలలు దేనికి వణికిందో అది జరగలేదు. తిట్టలేదు, లాక్కెళ్ళలేదు, నాన్నను పిలిపించి తల వంచించలేదు. మైసూర్‌పాక్ పంచుతున్నారు. ఒక్క నవ్వు నవ్వి పీట మీద కూర్చుంటే ఈ ఇంట్లో ఇంతకన్నా మంచిరోజు రాదు. కానీ ఆ చేతి కింద నిలబడి ఉంటే, తెల్లవారక ముందు తట్టిన రొట్టెలు, కండెలు చుట్టాక పట్టుకున్న బస్సు, వాచిన వేలు, ఆ గీత మీద ఒంటరిగా నిలబడిన క్షణం, అన్నీ ఒకటొకటిగా ఆమె దగ్గర్నుంచి జారి అతని తెల్ల చొక్కాలోకి పోతున్నట్టు అనిపించింది. చివరికి ఆమెకంటూ మిగిలింది భయం ఒక్కటే. దాన్ని కూడా లేదనిపిస్తున్నాడు.

"నువ్వొక మాట సెప్పమ్మా" అన్నాడు సుబ్బన్న, పెన్ను తీసి. "మీ ఆయన సపోర్టు గురించి."

"ఈయనకు నేను సెప్పలేదు సుబ్బన్నా" అంది ఈశ్వరి. అందరికీ వినపడింది. "కంప్యూటర్ క్లాసని అబద్ధం సెప్పి పోయినా. భయమై సెప్పలేదు. ఈ ఇంట్లో అందరికీ భయపడతానే ఆడినా. రాసుకుంటే అట్ల రాసుకో."

పళ్ళెం పట్టుకున్న తిక్కయ్య చెయ్యి ఆగింది. ఎవరో దగ్గారు. సుబ్బన్న పెన్ను కాగితం మీద పెట్టి, రాయకుండా హరికృష్ణ వైపు చూశాడు. ఆ ముక్క పేపర్లో రాదని ఈశ్వరికి తెలుసు. రాకపోతేనేం, ఇరవై మంది విన్నారు. భుజం మీది చెయ్యి మెల్లగా జారింది. హరికృష్ణ ఇంకా నవ్వుతూనే, పెదాలు కదలకుండా, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"రా లోపలికి. మాట్లాడల్ల."

గది తలుపు తీసే ఉంది. ఇంతకు ముందైతే ఆ మాటకు ఆమె వెళ్ళేది. ఈసారి కదలబోయిన కాళ్ళను ఆపింది. మోకాళ్ళు ఎంతగా వణికాయంటే నిలబడలేక రాట్నం పక్కన నేలమీద కూర్చుంది. పొయ్యి దగ్గర టీ పోస్తున్న శోభ ఒక్క క్షణం ఆలస్యంగా తలెత్తి చూసింది. గిన్నె దించి, పొయ్యి ఆర్పి, వచ్చి ఆమెకు ఆనుకుని కూర్చుంది. శోభ మొగుడు "ఏమే!" అని గద్దించాడు. శోభ లేవలేదు.

వణుకు తగ్గాక మాట్లాడదామనుకుంది ఈశ్వరి. అది తగ్గేలా లేదు. వణుకుతూనే చెప్పింది.

"మాట్లాడేదుంటే ఈడ్నే మాట్లాడు. అందరూ ఉండారు. సోమవారం పొద్దున బస్సుకు నేను అనంతపురం పోతాండా."